పది పడకలు, ఒక తెర

మిచిగన్‌లో మన తెలుగువాళ్ళలో నాకన్నా చవగ్గా మోటర్‌హోమ్ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మా ఇంటికి రమ్మనండి, నా చేత్తో ఫిల్టర్ కాఫీ కలిపిస్తాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు. అడిగిన ధర మీద పదకొండు వేల డాలర్లు దింపాను. టైర్లన్నీ కొత్తవి వేయించాను. గ్యాసు నింపించాను. అమ్మేవాడు మూడుసార్లు లోపలికి వెళ్ళి మేనేజర్ని అడిగి వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు అతని మొహం చూస్తే, ఈవిడ తొందరగా సంతకం పెట్టి వెళ్ళిపోతే ఇంకేమైనా ఇచ్చేలా ఉన్నాడు. వెంటనే వెనక నిచ్చెన కూడా అడిగాను. ఇచ్చాడు.

పదిమంది పడుకునే బండి అది. మా ఇంటి మనుషులు సరిగ్గా పదిమంది. ఇంతకంటే మంచి బేరం నేను జన్మలో చెయ్యలేదు.

ఆ బేరంలో ఒక్కటే వదిలేశాను, ఒక గది తలుపు. అది కావాల్సింది నాకు కాదు, మా అక్కకి.

మా నాన్నకి చీరాలలో బట్టల కొట్టు ఉండేది. ఆ వీధి అంతా కొట్లే. మాకు అటూ ఇటూ కూడా బట్టలే అమ్మేవాళ్ళు. మేం ఇద్దరం ఆడపిల్లలం. బడి లేని రోజుల్లో సరుకు కొనడానికి హోల్‌సేల్ కొట్లకి వెళ్తూ నాన్న మమ్మల్ని వెంట తీసుకెళ్ళేవాడు. పరుపుల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, షావుకారు మా ముందు తానులు విప్పి పరిచేవాడు. అప్పుడు పాటించాలని నాన్న మాకొక నియమం పెట్టాడు: నచ్చినదాని వైపు చూడకూడదు. అవతలివాడు సరుకు చూపిస్తున్నాడని మనం అనుకుంటాం గాని, వాడు అసలు చూసేది మన కళ్ళనే.

నాకది ఎప్పుడూ చేతకాలేదు. నచ్చితే చూసేదాన్ని, చూస్తే ముట్టుకునేదాన్ని, ముట్టుకుంటే నాన్నకి పది శాతం నష్టం. అక్క అలా కాదు. తనకి నచ్చిన తాను విప్పగానే మొహం తిప్పేసి వీధిలోకి చూసేది, అక్కడేదో ఊరేగింపు పోతున్నట్టు. నాన్న ఆ తల ఎప్పుడు తిరిగిందో గమనించి పెట్టుకునేవాడు. వేరే నాలుగు తానులకి గీసి గీసి బేరమాడి, లేచేటప్పుడు, "సరే, అది కూడా పడెయ్యండి" అనేవాడు. ఆ ‘అది’ కోసమే అంతసేపూ కూర్చున్నామని షావుకారుకి ఏనాడూ తెలియలేదు.

నేను పనికొచ్చింది రంగు చూడటానికి. కొట్లో దీపాల కింద ఏ రంగునీ నమ్మకూడదు. గుడ్డని వీధి అరుగు మీదికి పట్టుకెళ్ళి, పగటి వెలుతురుకి అడ్డంగా పెట్టి చూడాలి. మరక ఉన్నా, నేతలో లోపమున్నా అక్కడ బయటపడుతుంది. "చిన్నదాని కన్ను తప్పదు" అనేవాడు నాన్న. కొట్టు కట్టేసేటప్పుడు మాత్రం లాభం సంగతి అడిగేవాడు కాదు. "ఇవాళ ఎక్కడ పోగొట్టారో చెప్పండి" అనేవాడు. పోయినదాన్ని నోటితో పైకి చెప్పిన తరవాతే తాళం వేసేవాళ్ళం.

ఇప్పుడు మేమిద్దరం డెట్రాయిట్ పక్క ఊళ్ళలోనే ఉంటున్నాం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, మా ఇల్లు నోవైలో. అక్క, బావగారు ట్రాయ్‌లో వాళ్ళ కొడుకు దగ్గరుంటారు. అరగంట దారి. అక్కకి కిడ్నీలు పాడయ్యాక ఆ అరగంట కూడా ఆచితూచి దాటాల్సి వచ్చింది.

ఆస్పత్రికి వెళ్ళి చేయించుకునే డయాలిసిస్ కాకుండా, ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఒకటుంది. పొట్టకి పక్కగా చిన్న గొట్టం అమరుస్తారు. రోజుకి నాలుగుసార్లు, సంచీడు మందునీళ్ళు ఆ గొట్టం గుండా కడుపులోకి ఎక్కించుకోవాలి, అంతకుముందు ఎక్కించుకున్నవి మరో సంచీలోకి దింపుకోవాలి. ఒక్కో విడతకి ముప్పావుగంట పడుతుంది. గొట్టం కలిపేటప్పుడు గదిలో గాలి కదలకూడదు. ఫ్యాను, ఏసీ ఆపెయ్యాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, తలుపు మూసెయ్యాలి. ఏ కాస్త మలినం గొట్టం దారిన లోపలికి పోయినా కడుపులో ఇన్ఫెక్షన్ పుడుతుంది. ఈ తంతు మొత్తాన్నీ మేం సంచి అనేవాళ్ళం. "అక్క ఏదీ?" అంటే "సంచి పెట్టుకుంటోంది" అని బావగారు మూసిన తలుపు చూపించేవారు. ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో మాలో ఎవరమూ చూడలేదు. బావగారిక్కూడా లోపలికి అనుమతి లేదు.

మా ఇంటికి వచ్చినా ఒక సంచికీ ఇంకో సంచికీ మధ్యలో వచ్చి వెళ్ళేది. భోజనాలయ్యి మేం కబుర్లలో పడేసరికి గడియారం చూసి లేచేది. హోటల్ గదులంటే భయం, ఆ బాత్రూములు ఎవరు కడిగారో ఏమో అని. అలా కొన్నేళ్ళపాటు అక్క తన ఇంటి బయట ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

ఒకరోజు క్లినిక్‌లో నర్సు చెప్పిందట, సంచులు పెట్టుకునేవాళ్ళు కొందరు మోటర్‌హోమ్ కొనుక్కుని దేశమంతా తిరుగుతారని. ఇల్లే వెంట వస్తుంది కాబట్టి మందునీళ్ళ పెట్టెలన్నీ అందులో పడేసుకోవచ్చని. అక్క ఆ మాట నాతో ఫోన్లో అంది, వంకాయలు చవగ్గా వచ్చాయని చెప్పినంత మామూలుగా.

"ఎక్కడికెళ్ళాలనుందే నీకు?" అన్నాను.

"ఎక్కడికీ లేదు. ఆ పైనెక్కడో పెద్ద సరస్సుందట కదా, ఉప్పు లేని సముద్రమట. ఒడ్డునే బండి పెట్టుకోనిస్తారట."

"సరస్సులు మనకిక్కడ కొదవా? మొన్నేగా ఒకటి చూసొచ్చాం."

"పగలు చూసి సాయంత్రానికి ఇంటికొచ్చేయడం కాదే. చిన్నప్పుడు వాడరేవులో ఆ గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాం చూడు, చెవిలో అలలు పోసినట్టు. అలా ఒక్క రాత్రి."

వెళ్ళాలన్నది ఆ క్షణంలోనే ఖాయమైపోయింది. డబ్బు రెండిళ్ళవాళ్ళం చెరిసగం వేసుకోవాలనుకున్నాం. అందరం వెళ్ళాలి. మేం నలుగురం, అక్కా బావగారూ, వాళ్ళ కొడుకూ కోడలూ, మనవలిద్దరూ. బేరం మాత్రం నాకు అప్పగించారు. అప్పగించకపోయినా నేనే లాక్కునేదాన్ని.

చలికాలంలో కొనాలని నేనే పట్టుబట్టాను. మంచులో ఎవరూ ఇలాంటి బళ్ళ జోలికి రారు, అమ్మేవాడు ఈగలు తోలుకుంటూ ఉంటాడు. ఈలోగా మా ఆయన రకరకాల ప్లాన్లు ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఒకదాంట్లో వెనకంతా ఒక పడకగది, దానికి తలుపు, పక్కనే బాత్రూము. ఎనిమిదిమందికి సరిపోతుంది, పిల్లలిద్దరికీ కింద పరుపు వెయ్యాలి. ఇంకోదాంట్లో నడవ పక్కన రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి పడకలు, చివర్న మంచం, మంచానికీ నడవకీ మధ్య తెర. పదిమందీ దర్జాగా పడుకోవచ్చు.

కాగితం మీద ఎవరికీ ఏమీ అర్థం కావట్లేదని మా ఆయన బేస్‌మెంట్ నేల మీద నీలం టేపుతో ఒక ప్లాన్ అసలు కొలతలతో అంటించారు. ఆదివారం అందరం అందులో నిలబడ్డాం. పిల్లలు గీతల మధ్య పడుకుని దొర్లారు. అక్క కొడుకు లేని స్టీరింగ్ పట్టుకుని హారన్ కొట్టాడు. మా అమ్మాయి లేని పొయ్యి ముందు నిలబడి, "పిన్నులూ, అత్తలూ, దోసె ఎవరికి కావాలి?" అని తన అమెరికా తెలుగులో అరిచింది.

అక్క వెనకాల గడిలోకి వెళ్ళి నిలబడింది. కాసేపు చుట్టూ చూసి, కాలి బొటనవేలితో టేపుకి అడ్డంగా గీసింది.

"ఇక్కడ తలుపు" అంది. "నాకింకేం వద్దే. మూసుకోవడానికి ఒక తలుపుంటే చాలు."

"ఒక్క తలుపేం ఖర్మ, గొళ్ళెం కూడా పెట్టిస్తా" అన్నాను.

బండ్లు అమ్మే చోటు ఊరికి దూరంగా ఉంది. పదిమందిమీ రెండు కార్లలో దిగాం. మన పెళ్ళిచీరల బేరంలాగా ఉంది వ్యవహారం, అందరూ మాట్లాడేవాళ్ళే, కట్టుకోవాల్సిన మనిషి వెనకాల. కార్లోంచి దిగకముందే అందర్నీ హెచ్చరించాను: "ఎవరూ ఏదీ బాగుందనకూడదు. వావ్, ఆసమ్ లాంటివి ఇంటికెళ్ళాక. నచ్చినదాని వైపు అసలు చూడొద్దు."

"పిన్నీ, ఇక్కడ ధర అద్దానికి అంటించి ఉంటుంది" అన్నాడు అక్క కొడుకు.

"అంటించినదేగా, పీకచ్చు" అన్నాను.

ముందు తలుపున్న బండి చూపించాడు అమ్మేవాడు. చేతులు రుద్దుకుంటూ హీటరు వేశాడు. అక్క తిన్నగా వెనక్కి నడిచింది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మెత్తగా, బిగుతుగా మూసుకున్న చప్పుడైంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక మెట్లు దిగి, ఆ బండికి వీపు పెట్టి, ఎదురుగా మంచు తప్ప మరేమీ లేని మైదానం వైపు మొహం తిప్పి నిలబడింది.

నేను చూశాను. ఆ తల ఎటు తిరిగిందో, ఎప్పుడు తిరిగిందో, నాన్న చూసినట్టే చూశాను.

ఆ బండి మీద రెండు వేలకి మించి దిగలేదతను. దానికి ఇంకెవరో రాబోతున్నారన్నాడు. నిజమే అయ్యుంటుంది. కొట్లో పెరిగినదాన్ని, అబద్ధం చెప్పేవాడి గొంతు నాకు తెలుసు. తరవాత బెర్తుల బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని కప్పు మీద మంచు గట్టిపడి ఉంది, టైర్ల చుట్టూ ఎవరూ తొక్కలేదు. మెట్టు లాగితే తుప్పు చప్పుడు చేసింది. నిలిచిపోయిన సరుకు! ఇది ఏడాదిగా వీడి గుండె మీద కుంపటిలా కూర్చుందని అర్థమైపోయింది. అక్కణ్ణించి నాకు ఇంకేమీ కనబడలేదు. పిల్లలు పై బెర్తులెక్కి కేకలు పెడుతున్నారు, కోడలు బెర్తుల పొడవు చూసి సంతోషపడుతోంది, నేనేమో లెక్కలు వేసుకుంటున్నాను. పది పడకలు. ఆరేడు వేలు ఖాయంగా దిగుతుంది. నిలబడితే పదకొండు.

మా ఆయన నా పక్కకి వచ్చి, "వదినగారి తలుపు సంగతి?" అన్నారు మెల్లగా.

"దాన్దేముందండీ, తరవాత పెట్టించుకుందాం. ఈ మిగిలేదాంట్లో తొమ్మిది తలుపులొస్తాయి" అన్నాను.

సంతకాలయ్యాక కార్లో అక్కని అడిగాను, "నీకు నచ్చిందా?"

"మంచి బేరం చేశావు" అంది. ఆ మాట నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. తీసుకోవడానికి అనువుగా ఉంది మరి.

తలుపు పెట్టడం కుదరలేదు. తెర ఉన్న చోట ఒక పక్క బెర్తుల నిచ్చెన, ఇంకో పక్క చక్రం మీద ఉబ్బెత్తు. తలుపు ఎటు తెరిచినా దేనికో ఒకదానికి కొట్టుకుంటుంది. జరిపే తలుపు పెడదామంటే గోడ అట్టముక్క మందాన ఉంది, బరువు ఆగదన్నాడు చూడ్డానికి వచ్చిన వడ్రంగి. పడుకోవడానికి పదిమందికి చోటుంది గాని కూర్చుని బెల్టు పెట్టుకోవడానికి ఏడుగురికే ఉందని కూడా అప్పుడే తెలిసింది. మిగతావాళ్ళు వెనకాల కార్లో రావాల్సిందే. అది చిన్న నష్టం, నవ్వుకున్నాం.

తెర మాత్రం నేనే కుట్టాను. బట్టల కొట్టు పిల్లని, ఆ పాటి పరువు దక్కించుకోవాలి కదా. సోఫాలకి వేసే దళసరి బట్ట రెండు పొరలు, మధ్యలో అస్తరు, అంచుల్లో అయస్కాంతం ముక్కలు. లాగితే గోడకి అతుక్కుంటుంది. అక్క వచ్చి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది.

"బట్ట మంచిది" అంది.

నర్సు మాత్రం తెర అనగానే ఆలోచనలో పడింది. సంచి పెట్టుకునేటప్పుడు ఏసీ ఆపేసి, మిగతా అందరూ బండి దిగిపోతే సరే అంది. దిగుతామన్నాం. వేసవిలో అడవిలో చెట్టు కింద నిలబడ్డానికి ఏం కష్టం?

పిల్లల సెలవుల్లో బయల్దేరాం. మొదటిరోజు బాగానే జరిగింది. బండి ఆపగానే, "అందరూ దిగండోయ్, నానమ్మకి సంచి టైమ్" అని మనవలే కేక పెట్టేవారు. మేం బయట పులిహోర తినేవాళ్ళం, బావగారు బండి మెట్టు మీద కాపలా కూర్చునేవారు. ముప్పావుగంటకి అక్క తెర తీసి కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఆ సాయంత్రం క్యాంపులో అక్క మొహం చూసి మా ఆయన నాతో అన్నారు, "నీ బేరం గిట్టుబాటైందోయ్" అని. నేను కూడా అలాగే అనుకున్నాను.

రెండోరోజు వాన పట్టుకుంది. చిన్న తుంపర కాదు, చెట్లు ఊగిపోయే వాన. పొద్దుటి సంచికి గొడుగులు వేసుకుని దిగాం. మధ్యాహ్నపు సంచికి కూడా దిగి, నలుగురు పట్టే కారులో తొమ్మిదిమందిమి ఇరుక్కున్నాం. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. చిన్న మనవడు అద్దం దించి, పక్కనే ఉన్న బండి వైపు ఏడుపు గొంతుతో అరిచాడు.

"నానమ్మ ఇంకా ఎంతసేపు? ఎగైన్ అండ్ ఎగైన్ ఏంటి?"

"ష్, వినబడుతుందిరా" అంది వాళ్ళమ్మ.

వినబడింది. సాయంత్రం సంచి వేళకి నేను గొడుగులు తీస్తుంటే అక్క అడ్డొచ్చింది.

"ఎవరూ దిగక్కర్లేదు. పిల్లల్ని ఈ వానలో నిలబెట్టి నేనేం బావుకుంటాను? కదలకుండా కూర్చోండి చాలు. ఏసీ ఆపెయ్యండి."

"నర్సు ఏం చెప్పింది అక్కా?"

"నర్సుకి మన జనం సంగతి తెలియదు. నువ్వు కుట్టిన తెరేగా, గోడకి గోడలా ఉంది. వెళ్ళు, వెళ్ళి కూర్చో."

కూర్చున్నాను. నా పనితనాన్ని మెచ్చుకుంది కదా, ఎలా కాదంటాను? పిల్లలు కదలకుండా కూర్చోవడమంటే ఎంతసేపు? పెద్దాడు బెర్తు దిగుతూ తెరకి తగిలాడు. అయస్కాంతాలు ఊడి, తెర పక్కకి జరిగింది. నేను పరిగెత్తి మళ్ళీ లాగాను. ఆ కాసేపట్లో నేను చూసింది, మాస్కు కట్టుకుని, చేతులు గాల్లో ఉంచుకుని, గొట్టం విప్పుకుని కూర్చున్న అక్క. ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించనిది. అక్క నా వైపు చూడలేదు. కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

మర్నాడు ఎండ కాసింది. పెద్ద వంతెన దాటాం. అక్క ముందు సీట్లో కూర్చుని కింద నీళ్ళే చూస్తూ వచ్చింది. అవతలి ఒడ్డున అడవిలో ఆగాం. అక్కణ్ణించి సరస్సు ఒడ్డున మేం బుక్ చేసుకున్న చోటుకి రెండు గంటల దారి. పొద్దున్నే బయల్దేరితే పదింటికల్లా చేరతామని మా ఆయన మ్యాప్ చూపించారు.

పొద్దున్న అందరం బయట టిఫిన్ తింటున్నాం. తెర వెనకనించి అక్క పిలిచింది, "ఏమే, ఒక్కసారి ఇలా రా. నువ్వొక్కదానివే."

వెళ్ళాను. అక్క మంచం మీద పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన దింపిన సంచి. మొదటిసారి నన్ను లోపలికి రానిచ్చింది.

"రంగు చూడు" అంది. "రంగు చూసేది నువ్వే కదా."

సంచి రెండు చేతుల్తో ఎత్తాను. వెచ్చగా, బరువుగా ఉంది. ఆ నీళ్ళు లేత పసుపుగా తేటగా ఉండాలి, వెనక అచ్చు అక్షరాలు పెడితే చదవగలగాలి, అలా లేకపోతే ప్రమాదమని అందరికీ చెప్పి ఉంచారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుతురుకి అడ్డంగా పెట్టాను. బయట మనవలు బంతి ఆడుతున్నారు. సంచి గుండా వాళ్ళు కనబడలేదు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

"ఎలా ఉంది?" అంది అక్క.

చీరాలలో అయితే మరక చూసి కూడా తల ఊపి, ధర తగ్గించడానికి వాడుకునేదాన్ని. ఇక్కడ తగ్గించడానికి ధరంటూ లేదు.

"మసగ్గా ఉందక్కా."

"నాకూ అలాగే అనిపించింది. దీపం వెలుతురేమోననుకున్నాను" అంది. తరవాత, "సరస్సు ఎంత దూరమన్నారు?"

"రెండు గంటలు."

"ఆస్పత్రి?"

"వెనక్కి వెళ్ళాలి. అరగంట."

అక్క మాస్కు విప్పేసింది. "అయితే బండి తిప్పమను" అంది.

ఆ తరవాతిదంతా ఆస్పత్రుల సంగతి. అక్కడ రెండు రోజులు, తరవాత ఇక్కడ చాలా రోజులు. మందులు మార్చి మార్చి ఇచ్చారు. కడుపులో చీము తగ్గలేదు. చివరికి గొట్టం తీసేశారు. మళ్ళీ పెట్టే అవకాశం లేదన్నారు. ఇన్ఫెక్షన్ ఎక్కడ అంటుకుందో చెప్పగలరా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేం, ఇంట్లో ఉన్నవాళ్ళకీ వస్తుంటుందన్నాడు. మంచి మనిషి. నేను అడగకుండానే తగ్గింపు ఇచ్చాడు.

ఇప్పుడు అక్క వారానికి మూడురోజులు సెంటర్‌కి వెళ్తుంది. పెద్ద హాలు, వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో మిషను. అక్కడ తలుపులూ లేవు, తెరలూ లేవు. ఎవరి రక్తం ఎలా తిరుగుతోందో ఎదుటివాళ్ళకి కనబడుతూనే ఉంటుంది. మొదటి వారం అక్క దుప్పటి మెడ దాకా కప్పుకుని కళ్ళు మూసుకుంది. ఇప్పుడు కప్పుకోవడం మానేసింది. నేను మంగళవారాలు వెళ్ళి పక్కన కూర్చుంటాను.

చెట్లు ఆకులు రాల్చేవేళకి బండి అమ్మేశాం. నలుగురు పిల్లలున్న జంట కొన్నారు. బెర్తులు చూసి ఆ పిల్లలు కేకలు పెడుతుంటే వాళ్ళమ్మ ఆపలేదు. వాళ్ళకి బేరం తెలియదు. పాపం, అడిగిందానికి మూడోవంతు తగ్గించమని అతను మొహమాటంగా అంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. కొద్దిగా పైకి లాగి వదిలేశాను. తెర నాది కాబట్టి విప్పుకొచ్చాను. ఇంకా అల్మరాలోనే ఉంది.

ఆ మంగళవారం అక్కకి చెప్పాను, బండి పోయిందని.

"లెక్క చెప్పు" అంది.

"ఇప్పుడెందుకే?"

"కొట్టు కట్టేశాం కదా. నాన్నకి చెప్పినట్టు చెప్పు."

"కొన్నప్పుడు తగ్గించింది పదకొండు వేలు."

"అది లెక్కలోకి రాదు. తగ్గించింది లాభమెలా అవుతుంది? నాన్నుంటే ఆ మాట నోటితో అననిచ్చేవాడు కాదు. కొన్న ధర మీద ఎంత పోయింది?"

"పద్నాలుగు."

"మీ సగం, మా సగం. తరవాత?"

"తరవాత నీ గొట్టం."

"డాక్టరు చెప్పలేనన్నాడుగా. కొట్టెయ్."

"కొట్టెయ్యను."

"అయితే సగం వేసుకో. ఆ సాయంత్రం అందర్నీ కూర్చోమన్నది నేనే కదా. అంతకుముందు ఆ బళ్ళ కొట్లో కూడా నోరు తెరిచి ఇదే కావాలని నేను అడగలేదు. సగం నాది."

అక్క బేరమాడుతోంది. పుట్టి బుద్ధెరిగాక అక్క నాతో బేరమాడటం అదే మొదలు, అదీ నా నష్టం తగ్గించడానికి.

"నువ్వు అడిగావు" అన్నాను. "బేస్‌మెంట్‌లో కాలితో గీసి మరీ అడిగావు. కొట్లో ఆ బండి దిగి మొహం తిప్పుకున్నావు. నేను చూశానక్కా."

మిషను తిరుగుతూనే ఉంది. అక్క నా వైపే చూస్తోంది.

"చూశావా?"

"చూశాను."

"నువ్వు చూడలేదేమో అనుకున్నానే. ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను." కళ్ళు తుడుచుకోకుండానే, "అయితే సగం కాదు" అంది. "మొత్తం వేసుకో."

వేసుకున్నాను. బండి మీద మా సగం ఏడు వేలు, వాళ్ళ సగం ఏడు వేలు. తెర బట్ట, నా కుట్టుకూలీ, ఎవరికీ చెందనివి. అక్క గొట్టం, మొత్తం నాది. అలల పక్కన ఒక రాత్రి, రెండు గంటల దూరంలో ఆగిపోయింది, అదీ మొత్తం నాది. ఇందులో దేనిమీదా తగ్గింపు లేదు.